గుట్ట బంగ్లా తూర్పు గోడ

హఫీజ్‌పేట్,
6 జూలై 2025

పెద్దనాయినా,

బుజ్జిని. ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే ఏం చెప్పినా "మంచిది, మంచిది" అంటావు. పోయినసారి పెద్దమ్మకు జ్వరం వచ్చిందట కదా అంటే కూడా మంచిదే అన్నావు. అందుకని కాగితం పట్టాను. బడి వదిలాక ఇంత తెలుగు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే నవ్వుకో.

పుప్పాలగూడ గుట్ట మీది బంగ్లా నీకు గుర్తుండే ఉంటుంది, మన ఊరిదే కదా. చుట్టూ ఉన్న భూమితో పాటు అది ఎప్పుడో మా కంపెనీ చేతికి వచ్చింది. నాలుగు పక్కలా అద్దాల బిల్డింగులు లేచాయి, మధ్యలో ఇదొకటి మిగిలింది. పడగొట్టి పార్కింగ్ చేద్దామన్నారు కొందరు, లోపల ఏసీలు పెట్టి కాఫీ షాపు చేద్దామన్నారు ఇంకొందరు. ఏడాది పాటు మీటింగుల్లో కొట్లాడాను. చివరికి పాత పద్ధతిలోనే బాగుచేయడానికి ఒప్పుకున్నారు, ఒప్పుకుని ఆ పని నా నెత్తినే పెట్టారు. ఇప్పుడు పదిహేడు మంది నా కింద ఉన్నారు. నన్ను నమ్మి ఇచ్చిన మొదటి పెద్ద పని ఇది.

మొదటి రోజే కొన్ని నియమాలు పెట్టాను. రాలిపడిన రాయినే మళ్ళీ వాడాలి. పాత తలుపుల కర్రనే సరిచేసుకోవాలి. గాలి కిటికీలు మూయకూడదు, ఏసీ పెట్టకూడదు. ఒక్క సంచి సిమెంటు కూడా గుట్ట ఎక్కకూడదు. ఈ చివరి మాట మా డైరెక్టర్ రంగనాథ్ గారికి తెగ నచ్చి, పెద్ద బోర్డు రాయించి గేటు దగ్గర పెట్టించారు.

కష్టమంతా పెద్ద హాలు తూర్పు గోడతోనే. మూడడుగుల మందం. మిగతా మూడు గోడలు గానుగలో నూరిన నూరేళ్ళ కిందటి డంగు సున్నంతో ఇప్పటికీ నిమిరితే నున్నగా తగులుతున్నాయి. ఈ ఒక్క గోడకు మాత్రం ఎవడో తెలివితక్కువ మేస్త్రి ముప్పై ఏళ్ళ కింద సిమెంటు కలిపి పూశాడు. లోపలికి పోయిన వాన తడి బయటికి రాలేక గోడ లోపల్లోపలే కుళ్ళింది. పైకి గట్టిగా కనిపిస్తుంది, వేలితో కొడితే డొల్ల. పెచ్చు ఊడదీస్తే లోపలి రాయి పిండి పిండిగా రాలుతోంది. ఆ మనిషిని ఒకసారి చూడాలనుంది, ఏ మొహం పెట్టుకుని పూశాడో.

డంగు సున్నం తెలిసిన చెయ్యి మన ఇంట్లో నీదే. వచ్చి పది రోజులు మావాళ్ళకు నేర్పవా? సున్నం సంగతి నాయినను అడిగితే టీవీ సౌండు పెంచాడు. నీ పేరెత్తినా అంతే. ఆ పాత ఇంటి జాగా గొడవ మీరిద్దరూ ఇంకెన్నేళ్ళు మోస్తారో నాకు అర్థం కాదు.

పోస్టు డబ్బా తాళం రోజూ తీసి చూసుకునే,
బుజ్జి


తాండూరు,
14 జూలై 2025

బుజ్జీ,

పోస్టుమాన్ నీ ఉత్తరం ఇచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "తాతా, నీకు ఉత్తరాలు రాసేటోల్లు కూడా ఉన్నరా" అని అరిచాడు. వాడలో అందరికీ వినపడింది, నాకు తప్ప. నోటి కదలిక చూసి అర్థం చేసుకున్నాను. చెవి మిషను ఉంది గానీ అందులో మనుషుల మాట కన్నా కుక్కల మొరుగుడే ఎక్కువ వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళు బండలు కోసే మిషను దగ్గర నిలబడిన ఫలితం.

మీ పెద్దమ్మ చదివి వినిపించమంటే గోడ సంగతి వదిలేసి మిగతాది వినిపించాను.

సున్నం గురించి అడిగావు, రాస్తాను. రాయి సున్నాన్ని గుంతలో నీళ్ళు పోసి నానెయ్యి. నెల రోజులు దాని మొహం చూడకు. పైన నాలుగు వేళ్ళ నీళ్ళు ఎప్పుడూ నిలవాలి. తర్వాత ఇసుకతో కలిపి డంగు గానుగలో తిప్పించు. ఎద్దులు ఎక్కడివి ఇప్పుడు, మోటారుతోనే తిప్పించు, కాని నిదానంగా తిప్పించు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు వేరే వేరే తొట్లలో పులియనియ్యి. పూత పలచగా వెయ్యాలి. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య తడి గోనెసంచులు కప్పి ఊరుకోవాలి. ఈ ఊరుకోవడమే అసలు పని. చదువుకున్నవాళ్ళకు అదే చేతకాదు.

నేను రాలేను. మోకాళ్ళు, చెవులు, మీ పెద్దమ్మకు వచ్చే నెల కంటి ఆపరేషన్. ఆ గుట్ట ఇప్పుడు నేను ఎక్కలేను.

ఇంకో మాట. ముఖం తెలియని మనిషిని తెలివితక్కువ అని రాయకు. తెలివి లేక చేశాడో, ఉండి చేశాడో నీకు తెలియదు. ఇంటి జాగా గొడవ అని నీకు ఎవరు చెప్పారు? మీ నాయిన చెప్పాడా?

ఉంటాను. కంది చేనుకు వాన చాలలేదు ఈసారి.

పెంటయ్య


హఫీజ్‌పేట్,
24 ఆగస్టు 2025

పెద్దనాయినా,

రానని అంత గట్టిగా రాస్తావనుకోలేదు. రెండు రోజులు అలిగాను, మూడో రోజు నువ్వు రాసింది రాసినట్టు చేయించాను. నీ మీద అలిగితే పని నడవదు కదా.

మా డంగు దగ్గర బుచ్చమ్మ అని ఒకామె పెద్ద. వికారాబాద్ వైపు మనిషి. సున్నాన్ని వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంక కాలే" అని వెళ్ళిపోతుంది. ఎప్పుడవుతుందని అడిగితే "అయినప్పుడు" అంటుంది. నా చార్టులో "అయినప్పుడు" అని రాసే గడి లేదు.

తూర్పు గోడ మీది పాత సిమెంటు పూత మొత్తం తీసేశాం. సురేష్ దగ్గరుండి తీయించాడు. మా సైటు సూపర్‌వైజర్ అతను. మెదక్ వైపు మనిషి. కుర్రవాడేం కాదు, నలభై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. నేను చెప్పింది ఎన్నడూ కాదనడు. బయటపడ్డ రాయిని చూసి, "పాపం, గింతకాలం ఊపిరాడకుండ ఉన్నది" అన్నాడు.

ఇప్పుడు అసలు కంగారు విను. ప్రారంభం ఫిబ్రవరి చివర అనుకున్నాం. పోయిన వారం దాన్ని అక్టోబర్ ముప్పైకి లాగారు. పర్యావరణానికి మేలుచేసే కట్టడమని సర్టిఫికెట్ ఇచ్చే బృందం అప్పుడే వస్తుందట, వాళ్ళ ముందు గుట్ట బంగ్లా మెరవాలట. ఆ గోడకు మూడు పూతలు పడాలి, ఒక్కొక్కటి వారాల తరబడి తడిగా ఉండాలి. ఎటు నుంచి లెక్కపెట్టినా సరిపోవడం లేదు. రంగనాథ్ గారితో చెబితే, "ఎలా చేస్తారో నాకు చెప్పొద్దండీ. అయిపోవాలంతే" అన్నారు. నేనేమో సరే అనేశాను. ఎందుకన్నానో తెలియదు. అంతమంది ముందు చేతకాదని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. డెస్కు దగ్గర కూర్చుంటే గుట్ట మీదికి పోవాలనిపిస్తుంది, గుట్ట మీదికి పోతే మెయిల్స్ గుర్తొస్తాయి. రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగుతున్నాను. తింటూ తింటూ లేచిపోతున్నానని అమ్మ తిడుతోంది.

నీ కాలంలో ఇలాంటి తొందర రాలేదా? పెళ్ళనో పండగనో ఇంటి యజమాని మీద పడితే ఏం చేసేవాళ్ళు? ఏదో ఒక కిటుకు ఉండే ఉంటుంది, దాచుకోకుండా రాయి. అన్నట్టు ఆ సిమెంటు పూసింది పుప్పాలగూడ మేస్త్రీల ముఠాయేనని పాత వాచ్‌మన్ ఒకాయన చెప్పాడు. మనవాళ్ళే అంటే సిగ్గేసింది. నీకు తెలిసే ఉంటుంది కదా, ఎవరు?

పెద్దమ్మ కన్ను ఎలా ఉందో తప్పకుండా రాయి.

నిలబడే ఈ ఉత్తరం రాసిన,
బుజ్జి


తాండూరు,
30 ఆగస్టు 2025

బుజ్జీ,

మీ పెద్దమ్మ కన్ను బాగుంది. కట్టు విప్పగానే నా మొహం చూసి, "గింత ముసలోడివయినవా" అంది. పది సంవత్సరాలుగా మసకలోనే కాపురం చేసింది మరి.

తొందర పడ్డ పని గురించి అడిగావు. ఒకటి చేశాను, తొంభై నాలుగులో. ఒక పెద్దింట్లో బిడ్డ పెళ్ళి. పన్నెండు రోజుల్లో హాలు మెరవాలన్నాడు దొర. నా కింద తొమ్మిది మంది. డంగు సున్నంతో అది కాదని నాకు తెలుసు. ఐదు తట్టల డంగుకు ఒక తట్ట సిమెంటు కలిపించాను. పైన సన్నసున్నం పూసి, గుడ్డు సొన పెట్టి, గులకరాయితో రుద్దించాను. పదకొండో రోజు గోడలో మనిషి మొహం కనిపించింది. పెళ్ళివారంతా గోడను తాకి చూసినవాళ్ళే. దొర నా భుజం మీద శాలువా వేసి, "పెంటయ్యా, నీ చేతిల ఏమున్నదిరా" అన్నాడు. పంక్తిలో నన్ను ముందు కూర్చోబెట్టాడు. అప్పటికి మా ముఠాలో ఎవరికీ దక్కని మర్యాద అది.

దీని తర్వాత రాయవలసింది ఇంకా ఉంది. రాద్దామని కూర్చుంటే చెయ్యి సాగడం లేదు. పోస్టు వేళ కూడా అయింది, ఇంతవరకు పంపుతున్నాను. మిగతాది నాలుగు రోజుల్లో రాస్తాను. అది కూడా చదువు.

పెంటయ్య


హఫీజ్‌పేట్,
9 సెప్టెంబర్ 2025

పెద్దనాయినా,

నీ ఉత్తరం సరిగ్గా సమయానికి అందింది. ఆ రోజు పొద్దున రంగనాథ్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు. నాలుగోసారి మోగేలోపు నీ ఉత్తరం చదివి నిర్ణయం తీసుకున్నాను. డంగు పనిలో నీ అంతవాడు లేడని చిన్నప్పటినుంచి వింటున్నాను. నువ్వే కలిపావంటే కొంచెం కలపడంలో మునిగిపోయేదేమీ లేదనుకున్నాను. అది కూడా నువ్వు వేసినంత కాదు, పది తట్టలకు ఒక తట్ట. తూర్పు గోడ కింది సగం మాత్రమే. మిగతాది రాస్తానన్నావు, కాని ఆగే వీలు లేకపోయింది.

పూత నాలుగు రోజుల్లో బిగిసింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఇన్ని రోజుల తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను.

బుచ్చమ్మతోనే చిక్కు వచ్చింది. సంచి చూడగానే తాపీ కింద పెట్టేసింది. "తొందర మీది మేడం, గోడది గాదు" అని, చెట్టు కింద కూర్చుని గంట తర్వాత ఇంటికి పోయింది. అప్పటినుంచి రావడం లేదు. సురేష్ మాత్రం కలిపించాడు. కలిపించే ముందు, "జర కాగితం మీద రాసియ్యుండ్రి మేడం" అన్నాడు. నా మాట మీద నమ్మకం లేదా అని నవ్వాను. "నమ్మకం గాదు మేడం, రేపు ఎవలన్న అడిగితే" అని ఆగిపోయాడు. కాగితం లేనిదే పనిలో చెయ్యి పెట్టడానికి మనుషులు ఇంత భయపడతారా అనిపించింది. కాగితం ఇవ్వలేదు.

సర్టిఫికెట్ వాళ్ళకు పంపే ఫారంలో, సున్నం తప్ప ఏమీ వాడలేదని నేనే సంతకం చేశాను. ఇంత పెద్ద పనిలో ఆ కాస్తా ఎవరి లెక్కకు వస్తుంది. రాయకపోయినా బాగుండేదేమో ఈ మాట, రాసేశాను కాబట్టి ఉండనీ.

నీ శాలువా ఇంకా ఉందా? ఉంటే నాకు కావాలి.

బుజ్జి


తాండూరు,
8 సెప్టెంబర్ 2025

బుజ్జీ,

నాలుగు రోజులన్నాను, తొమ్మిది రోజులు పట్టింది. మూడు కాగితాలు చింపాను.

ఆ పెద్దిల్లు గుట్ట బంగ్లాయే. ఆ గోడ నీ తూర్పు గోడే. ఎవరు పూశారని అడిగావు, నేను పూశాను. తెలివితక్కువ పని కాదు. తెలిసి పూశాను. సిమెంటు పడితే ఆ గోడకు ఊపిరాడదని మా నాయిన నాకు పదేళ్ళప్పుడే చెప్పాడు.

రెండు వానాకాలాలు ఆగింది. మూడో ఏడు గోడ చెమర్చింది, తెల్లగా ఉప్పు పొంగింది, మంచమంత పెచ్చు ఊడి దొర తల్లి కూర్చునే చోట పడింది. ఆమె అప్పుడు అక్కడ లేదు కాబట్టి సరిపోయింది. దొర ముఠానంతా పిలిపించి వరసగా నిలబెట్టి, "ఎవడు కలిపిండురా మాలు" అని అడిగాడు. నేను మేస్త్రీని. కలపమన్నది నేను. కాని నా నోట్లోంచి వచ్చిన మాట, "ఓంకార్ కలిపిండు దొరా. పాళ్ళు తప్పి కలిపినట్టున్నడు."

మాలు కలిపే పని మీ నాయినదే. నా వెనక నిలబడి ఉన్నాడు. నేను తిరిగి చూడలేదు.

దొర చుట్టుపక్కల అందరికీ చెప్పాడు. ఓంకార్ చేతికి పని ఇవ్వొద్దన్నాడు. మీ నాయిన మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నీకు తెలిసిన నాయిన ఆ గేటు దగ్గరి మనిషి. నేను చూసిన ఓంకార్ గోడ ముందు నిలబడితే పనివాళ్ళు మాట్లాడటం ఆపి చూసేవాళ్ళు. నా కన్నా మంచి చెయ్యి వాడిది. నేను ఏడాది తిరగకుండా తాపీ వదిలేసి తాండూరు వచ్చి బండల మిషను దగ్గర చేరాను. ఇంటి జాగా గొడవ ఏదీ లేదు. అది ఎవరో అల్లిన మాట, నాకు పనికొచ్చిందని ఊరుకున్నాను.

నువ్వు సిమెంటు జోలికి పోకు. వాళ్ళు ఏ తేదీ చెప్పినా కాదని చెప్పు. అప్పుడు దొర దగ్గర ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు, అంతకు మించి ఏమీ లేదు.

మీ నాయినకు ఈ ఉత్తరం చూపిస్తావో లేదో నీ ఇష్టం.

పెంటయ్య


హఫీజ్‌పేట్,
21 సెప్టెంబర్ 2025

పెద్దనాయినా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నీది అందేసరికి గోడ బిగిసి వారమైంది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. శాలువా ముందు రాశావు, గోడ తర్వాత రాశావు. గోడ ముందు రాసి ఉంటే నేను సంచి తెప్పించేదాన్ని కాదు. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకుంటే అది కూడా పూర్తి నిజం కాదని తెలుస్తోంది. మిగతాది చదవమని రాశావు, నేను ఆగలేదు. ఆగకుండా ఉండటానికి నీ ఉత్తరం నాకు వీలుగా దొరికింది.

జరిగింది చెబుతాను. పదిహేనో తేదీన సర్టిఫికెట్ వాళ్ళ తరఫున ముందస్తు పరిశీలనకు సాయిచంద్ అని ఒకాయన వచ్చాడు. గోడలోంచి చిన్న ముక్క తీసి కవర్లో వేసుకుని పోయాడు. రెండు రోజుల్లో సిమెంటు ఉందని రిపోర్టు వచ్చింది. రంగనాథ్ గారు మీటింగు పెట్టారు. వివరణ ముందే టైపు చేయించి తెచ్చారు. సైటు సూపర్‌వైజర్ సురేష్ అవగాహన లోపం వల్ల, ఎవరినీ అడగకుండా కలిపాడని, అతన్ని పనిలోంచి తీసేస్తున్నామని, పైవాళ్ళకు తెలియదని. చివర నా పేరు, దాని మీద సంతకానికి ఖాళీ. "మీరు సంతకం చేస్తే అక్టోబర్ ముప్పై కదలదండీ. మీకూ ఏం కాదు" అన్నారు.

సురేష్ బల్ల చివర కూర్చున్నాడు. ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను ఏమీ అనలేదు. పెద్దనాయినా, నేను ఏమీ అనలేదు. ఈ మాట నీకు రాయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. నువ్వు దొర ముందు నిలబడ్డ చోటు నాకు ఇప్పుడు అడుగులతో సహా తెలుసు. నిన్ను తిట్టుకుందామంటే అందుకే నోరు రావడం లేదు.

సంతకం ఇరవై తొమ్మిదిలోపు పెట్టాలట. కాగితం నా బ్యాగులో తిరుగుతోంది. సీట్లో కూర్చోలేకపోతున్నాను. మధ్యాహ్నం అన్నం మానేసి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్ల వెంట నడుస్తున్నాను. ప్రతి గేటు దగ్గరా నీలం చొక్కా వేసుకున్న వాచ్‌మన్లు లేచి నిలబడి సలాం కొడుతున్నారు. నాకు నాయినే కనిపిస్తున్నాడు. ముప్పై ఏళ్ళు ఆయన అలాగే లేచి నిలబడ్డాడు, ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. తాపీ పట్టిన మనిషని నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

నాయినకు నీ ఉత్తరం చూపించలేదు. చూపించడం నా పని కాదు.

నేనేం చేయాలో రాయి. వద్దు, రాయకు. ఒకసారి నీ ఉత్తరం చూసుకునే చేశాను కదా.

బుజ్జి


తాండూరు,
26 సెప్టెంబర్ 2025

బుజ్జీ,

సంతకం సంగతి నేను రాయను. నాకు ఆ అర్హత లేదు.

గోడ సంగతి రాస్తాను. పూత ఇంకా పూర్తిగా ముదరలేదు, ఇప్పుడు తీస్తే రాయి బతుకుతుంది. సుత్తి పెట్టొద్దు, మిషను అసలే వద్దు. అంచు నుంచి మొదలుపెట్టి తడుపుతూ చిన్న ఉలితో నెమ్మదిగా తీయించు. తీశాక రెండు నెలలు గోడను వట్టిగా వదిలెయ్యి, లోపలి తడి పోనియ్యి. బుచ్చమ్మ ఇంటికి నువ్వే పోయి పిలువు. మనిషిని పంపకు.

మీ నాయిన గురించి ఒకటి రాయలేదు. ఆ రోజు దొర ముందు వాడు కాదనలేదు. తాపీ కడుక్కుని, తుడుచుకుని, సంచిలో పెట్టుకుని పోయాడు. ఒక్క తిట్టు తిట్టినా నేను బతికిపోయేవాణ్ణి. వాడు తిడతాడని ఇన్నేళ్ళు ఎదురుచూశాను. వాడి దగ్గరికి పోయి అడగవచ్చు కదా అని నువ్వు అంటావు. పోలేదు. మొదటి ఏడు సిగ్గు, తర్వాత అలవాటు.

అక్టోబర్ ఎనిమిదిన వస్తాను. తాండూరు నుంచి పొద్దుటి రైలుకు. గోడ దగ్గరికే వస్తాను, నీ ఇంటికి కాదు. నా పూతను తీయలేకపోయాను, నీదైనా తీస్తాను. వాడికి నేను వస్తున్నానని చెప్పు. రావాలో వద్దో వాడు చూసుకుంటాడు.

మీ పెద్దమ్మకు అంతా చెప్పాను.

పెంటయ్య


హఫీజ్‌పేట్,
10 అక్టోబర్ 2025

పెద్దనాయినా,

నువ్వు మొన్న వచ్చి సాయంత్రమే వెళ్ళిపోయావు. నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు, అంతా ఉలి పనే. కాబట్టి ముందు నా సంగతి రాస్తాను.

వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇరవై తొమ్మిదిన వేరే కాగితం రాశాను, నాలుగే వాక్యాలు. సిమెంటు కలపమన్నది నేను. సురేష్ రాతపూర్వకంగా అడిగినా ఇవ్వనిది నేను. ఫారంలో అబద్ధం రాసింది నేను. తేదీకి కాదని ముందే చెప్పవలసింది కూడా నేనే. ఆ కాగితాన్ని రంగనాథ్ గారికి ఒక్కరికే ఇవ్వలేదు. గుట్ట మీద పదిహేడు మందినీ నిలబెట్టి చదివాను. రెండో వాక్యం దగ్గర ఆగి నీళ్ళు తాగాను. చదవడం అయ్యాక సురేష్ పోయి తడి గోనెసంచులు సర్దడం మొదలుపెట్టాడు.

అక్టోబర్ ముప్పై తేదీ రద్దయింది. ఈ ఏటికి సర్టిఫికెట్ లేదు. పనికి పెద్దగా నన్ను తీసేసి సరిత అనే ఆమెను పెట్టారు. ఆమె కింద గోడ పని అయ్యేదాకా ఉంటానని అడిగాను, అయిష్టంగానే ఒప్పుకున్నారు. సురేష్ ఉద్యోగం నిలిచింది, అతను నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. ఆ నమ్మకం తిరిగి రావడానికి ఇంకా కాలం పడుతుంది. బుచ్చమ్మ ఇంటికి మూడుసార్లు పోతే మూడోసారి తలుపు తీసింది. నాకు బాధగా లేదని రాస్తే అబద్ధం. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఇప్పటికీ ఫోన్ మోగితే చేతిలో పని వదిలి లేస్తున్నాను.

ఇప్పుడు మొన్నటి సంగతి.

నాయిన పది గంటలకు వచ్చాడు. నేను రమ్మనలేదు, నువ్వు వస్తున్నావని మాత్రం చెప్పాను. వెంట ఎక్కడినుంచో ఒక తాపీ తెచ్చుకున్నాడు. అది ఇంట్లో ఉందని అమ్మకు కూడా తెలియదట. నీ పక్కన రెండు గజాల దూరంలో కూర్చున్నాడు. నువ్వు కింది వరసలు తీశావు, ఆయన పై వరసలు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ గోడతోనే మాట్లాడారు. నువ్వు ఒకసారి ఆయన వైపు తిరిగి, "ఓంకార్, దొర ముందు నేను అబద్ధం చెప్పిన. తప్పు నాది" అన్నావు. పని ఆగిపోయేంత గట్టిగా అన్నావు. నీకు నీ గొంతు వినపడదు కాబట్టి నీకు తెలియదు. ముఠా అంతా విన్నది. నాయిన ఏమీ అనలేదు. తల కూడా తిప్పలేదు. నువ్వు మళ్ళీ గోడ వైపు తిరిగావు. ఆయన ఏమీ అనలేదనే మనసులో పెట్టుకుని రైలెక్కి ఉంటావు.

కాని ఆయన అన్నాడు పెద్దనాయినా. నువ్వు అటు తిరిగి ఉలి పట్టుకున్నాక చాలాసేపటికి అన్నాడు. నీ చెవి మిషను నీ చొక్కా జేబులో ఉంది, సున్నపు తడి తగులుతుందని పొద్దునే తీసి పెట్టుకున్నావు. నాయినకు అది తెలియదు. నీ వీపు చూస్తూ మాట్లాడాడు. నేను నీళ్ళ బకెట్ పట్టుకుని పక్కనే ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నువ్వు నా పేరు చెప్పినందుకు గాదన్నా నా బాధ. కలిపింది నా చేతులే, తప్పని నాకూ తెలుసు, నేనూ నోరు మూసుకొనే కలిపిన. చెప్పినంక ఒక్కపూట ఇంటికొచ్చి బువ్వ పెట్టుమని అడుగుతవేమో అని చూసిన. ఎన్నేండ్లో చూసిన. ఇయ్యాలన్న ఇంటికొచ్చి ఇంత తిని పోరాదు."

నువ్వు ఉలి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, రైలుకు వేళయిందని నాతో చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయావు. నువ్వు వినలేదన్న సంగతి నాకు అప్పటికి తట్టలేదు. రానన్నావనే నాయిన అనుకున్నాడు. ఇంటికి వచ్చి, "ఇగ రాడు" అని ఒక్క మాట అన్నాడు. మిషను జేబులో ఉందని నేను చెబితే నమ్మలేదు, ఓదార్చడానికి చెబుతున్నాననుకున్నాడు.

పందొమ్మిదో తేదీ ఆదివారం పెద్దమ్మను తీసుకుని రా. పొద్దుటి రైలుకు లింగంపల్లిలో దిగి లోకల్ ఎక్కితే హఫీజ్‌పేట్ రెండో స్టేషన్. నాయిన ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటాడు. ఉంటానని నీకు రాయొద్దన్నాడు. నేను రాలేను, ఆ రోజు గోడ తడి ఎంత పోయిందో చూడాలి.

బుజ్జి